మాయల మరాఠీ గట్టెక్కేనా?

పుస్తకంలోని మాయాలోకం పాటల్లోకి రావడం పాశ్చాత్యుల ముచ్చట. పాలమూరులో మాత్రం మాయాలోకం పుట్టిందే పాటలో!

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది కొత్తకోట. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. అక్కడ దిగి వనపర్తి మీదుగా పానగల్ దారి పడితే చుట్టూ బండరాళ్ల గుట్టలే. అందులో ఒక గుట్ట మీద పానగల్ ఖిల్లా. వరుసగా ప్రాకారాలు, నడుమ బాలాహిస్సార్. 1786 నుంచి 1789 దాకా నిజాం అలీఖాన్ ఇక్కడ ఉన్నాడంటుంది చరిత్ర. కానీ చీకటి పడ్డాక ఆ గుట్టను చూస్తే గుర్తొచ్చేది నిజాం కాదు... మాయల మరాఠీ!

బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టుకు ఎత్తుకుపోయిన మాంత్రికుడతను. అతని ప్రాణం ఎక్కడో దూరాన, ఒక చిలుకలో. ఉయ్యాలలో వదిలి వెళ్లిన కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, ఆ గుట్టు కనిపెట్టి తల్లిని విడిపిస్తాడు. తెలుగునాట ఈ కథ తెలియని పాతతరం లేదు. వాళ్లలో చాలామంది దాన్ని చదవలేదు, విన్నారు.

ఇంగ్లండులో ఈ దారి తిరగబడింది. టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954-55లో వెలువడింది. లెడ్ జెప్లిన్ రాక్ బృందం 1969లో ‘రాంబుల్ ఆన్’ పాటలోకి అందులోని పేర్లను తెచ్చుకుంది. ముందు పుస్తకం, తర్వాత పాట. బాలనాగమ్మ ముందు పాట. తర్వాతే సురభి నాటకం, 1942లో కాంచనమాల నటించిన జెమినీ వారి సినిమా. అందులో మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు చిన్నపిల్లల్ని హడలగొట్టారు.

తెరకు రెండు మూడు గంటలే. కథకుడికి రాత్రంతా ఉంది. తెలంగాణలో శారద కథ, తంబుర కథ అని పిలిచే ఆటలో భుజాన తంబురతో ఒకరు కథ నడుపుతారు, పక్కవాళ్లు వంత పాడతారు. జనం కునికితే హాస్యం, కన్నీళ్లు పెడితే ఆ ఘట్టమే మరికాస్త. గట్టు ఎలా ఉంటుందో కథకుడు చెప్పనక్కర్లేదు. విన్నవాళ్లు తమ ఊరి గుట్టనే అక్కడ నిలబెట్టుకుంటారు. అందుకే పానగల్ పరిసరాల్లో విన్నవాడికి మరాఠీ పరాయివాడు కాదు.

ఈ నేల మీద నిజమైన మనుషులకు కూడా పాట మహిమలు తొడిగింది. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టిన పండుగ సాయన్నను దర్శనం మొగులయ్య కిన్నెర మీద పాడారు. వెదురు దండె, ఎండిన సొరకాయ బుర్రలు, పన్నెండు మెట్లు... అదీ ఆ వాద్యం. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటకు ఎత్తుగడ ఆయన గొంతే. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. కిన్నెర పేరు కుర్రకారుకీ తెలిసింది.

సంతోషమే. అయితే ఆ పాటలో కిన్నెరకు దక్కింది కాసేపే. రాత్రంతా నడిచే కథకు అంత చోటు చాలదు. రికార్డు రాగాన్ని దాచగలదు. ఎక్కడ ఆగాలో, ఎవరి ముఖం చూసి ఘట్టం పెంచాలో దాచలేదు. అది గురువు పక్కన కూర్చుని వంత పాడితేనే అబ్బుతుంది. వంత పాడే పిల్లలు రావాలంటే ఊళ్లో వినేవాళ్లుండాలి.

మాయల మరాఠీ ప్రాణం చిలుకలో ఉందని కథ చెబుతుంది. ఆ కథ ప్రాణం మాత్రం అరుగు మీద కూర్చుని ‘ఊఁ’ కొట్టే మనిషిలో ఉంది.