అంగుళాలు, ఏళ్లు

పెద్ద టీవీ కొనేటప్పుడు అంగుళాలు అడుగుతాం, ఏళ్లు అడగం. 2025 సెప్టెంబరులో 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా అని షోరూముకెళ్లాను. ఎన్నేళ్లొస్తుందని అడిగితే సేల్స్ అబ్బాయి వారంటీ ఎన్నేళ్లో చెప్పాడు.

ఎల్‌ఈడీ టీవీ అంటాం గానీ తెర ఎల్‌సీడీనే. దాని వెనక వెలిగే దీపాలు ఎల్‌ఈడీలు. వేడికి అరిగేవి అవే. షోరూములో కళ్లు చెదిరేలా పెట్టే బ్యాక్‌లైటుని ఇంట్లో తగ్గించుకుంటే ఎక్కువ కాలం వస్తాయి. పోయినా మార్చొచ్చు. ప్యానెల్ పగిలితే మాత్రం దాదాపు కొత్త టీవీ కొన్నంత ఖర్చు.

కానీ చాలాసార్లు తెరకన్నా ముందు సాఫ్ట్‌వేర్ పోతుంది. ఊళ్లో నాన్న టీవీలో బొమ్మ ఇంకా శుభ్రంగానే వస్తోంది, యాప్‌లే ఒక్కోటీ తెరుచుకోవడం మానేశాయి. "టీవీ పోయిందిరా" అన్నాడు. ఎక్కడో ఒక మీటింగులో పాత వెర్షన్లకి సపోర్టు ఆపేసి ఉంటారు. అలాంటి మీటింగుల్లో నేనూ కూర్చుంటాను. స్లైడు మీద యూజర్ల శాతం ఒక్కటే ఉంటుంది. ఆ శాతంలో మా నాన్న కూడా ఉంటాడు.

హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే ఆ టీవీ మళ్లీ దారిలో పడింది. అందుకే కొనేవాళ్లకి నా సలహా: డబ్బు తెర మీద పెట్టండి. తెలివితేటలు తర్వాత విడిగా కొనుక్కోవచ్చు.