ఎవరూ పాడని గంప

ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం. మరపడవలు ఒడ్డెక్కితే జాలరిపేట కుర్రాళ్లకు ఇసుకే కబడ్డీ కోర్టు. మంచి కూతగాడు దొరుకుతాడేమోనని ఏటా అక్కడికి వెళ్తుంటాను.

2014లో ప్రొ కబడ్డీ తొలి వేలంలో రాకేశ్ కుమార్ 12.80 లక్షలు పలికాక 'ఆట కూడు పెడుతుందా' అనే మాట కాస్త తగ్గింది.

మొన్నటి వేసవిలో ఓ పందొమ్మిదేళ్ల కుర్రాడు కంటబడ్డాడు. ఒకే కూతలో ఇద్దర్ని ముట్టాడు. మూడోవాడు చీలమండ పట్టేశాడు. కంగారుపడకుండా ముందుకు వాలి, గీత తాకాడు. ముట్టడం అందరూ చూస్తారు. నేను చూసేది తిరిగి రావడం. రాకపోతే ఎంతమందిని ముట్టినా సున్నే!

వాళ్ల నాన్నతో మాట్లాడాను. ఆయన వల బాగుచేస్తూ, ''వేలమంటే నాకు తెల్దా మాస్టారూ! రోజూ చేపలు పాడతాం. ఎవరూ పాడని గంప ఏటవుద్దో కూడా తెలుసు'' అన్నాడు.

నా నోట మాట రాలేదు. కుర్రాడు బూట్లేసుకుని మ్యాట్ మీద ఎప్పుడూ ఆడలేదు. ''ఈ ఏడు వేలం ఊసొద్దు. వేట మాన్పించకండి. సాయంత్రాలు నా దగ్గరికి పంపండి చాలు'' అన్నాను.

ఇప్పుడు వస్తున్నాడు, ఒంటికింకా చేపల వాసనతోనే.