మేము పాత కారు కొన్న విధము

కారు కొనవలెనని మా యింట ఒక్క మాటగానే తీర్మానమైనది. యెటువంటి కారు అనేసరికి యిల్లు రెండు పక్షాలయింది. కోయంబత్తూరులో వుద్యోగము చేస్తున్న మా పెద్దవాడు, "కొంటే పరుగెత్తే బండే కొనాల నాయనా, లేకుంటే వద్దే వద్దు" అన్నాడు. పిల్లల జేజికి 78 యేండ్లు. ఆమె, "ఎక్కను దిగను నాకు కుదిరితే చాలప్పా. అది పరుగెత్తితే నాకేమి, నడిస్తే నాకేమి" అన్నది.

మేము, అనగా యీ నాలుగు మాటలు రాస్తున్న ఆలుమగలము, చేతిలోని సొమ్ము లెక్క చూచుకొన్నాము. చీటీ పాడిన డబ్బు 3 లక్షల 60 వేలు, వేరుసెనగ అమ్మినది 40 వేలు, వెరసి 4 లక్షలు. అంతకు మించితే అప్పు. అప్పు తెస్తే కోవిల్‌పట్టిలో చదువుకొంటున్న మా అమ్మాయి ఫీజు మీద వచ్చి పడుతుంది. యీ గీత దాటేది లేదని అందరి యెదుటా ముందే చెప్పివేశాము.

తాయిల్పట్టిలో వుండేవారికి కారెందుకని కొందరు అడిగారు. జేజి క్రిందటేడు జారిపడితే తుంటి యెముక విరిగి మధురైలో శస్త్రచికిత్స అయినది. అప్పటినుండి నెలకొకసారి చూపించుకొని రావాలి. బస్సులో ఆమెను తీసుకొని పోలేము. బాడుగ కారుకు మూడువేలకు తక్కువ లేదు, అదిన్నీ దీపావళి ముందు నెలల్లో పిలిచిన నాడు దొరకదు. మా వైపు బాణసంచా వ్యాపారులందరూ ఆ రోజుల్లోనే తిరుగుతారు గదా!

అయితే పరుగెత్తే బండి ఎందుకు? దీనికి పిల్లవాడు చెప్పిన సమాధానము మేము అంత తేలికగా కొట్టివేయలేకపోయాము. విరుదునగరము నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి పోయే పెద్ద రోడ్డు నాలుగు వరుసలది. దాని సంగతి వేరు. మా వూరి చుట్టుపట్ల రోడ్లు రెండు వరుసలవి. వాటి మీద టపాకాయల లారీలు, అగ్గిపెట్టెల లారీలు గంటకు 40 కిలోమీటర్ల చొప్పున పోతుంటాయి. వాటిని దాటక తప్పదు. వాడు కాగితము తీసుకొని లెక్క వేశాడు. మనము గంటకు 60 మీద పోతూ 40 మీద పోయే లారీని దాటి మన వరుసలోకి రావడానికి సుమారు 40 మీటర్లు అదనముగా పోవాలి. దానికి 7 సెకండ్లు పైన పడుతుంది. ఆ వ్యవధిలో మనము 120 మీటర్లు పోతాము, యెదురుగా 60 మీద వచ్చే బస్సు మరొక 120 మీటర్లు వస్తుంది. అంటే 240 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడితే గాని దిగరాదు. అదే 80కి చేరి దాటితే మూడున్నర సెకండ్లు, రెండు వైపులా కలిసి 140 మీటర్లు. "యెదురు వరుసలో వుండే సేపు సగమైతుంది జేజీ" అన్నాడు. జేజి, "అంత తొందరేమిరా, లారీ వెనకాలనే పోతే మధురై రాదా?" అన్నది. వాడికి నోట మాట లేదు. మేము నవ్వుకొన్నాము గాని, యిద్దరి మాటా నిజమే.

వేగము మీద మోజు పిల్లవాడికి యెక్కడనుండి వచ్చినదో మాకు తెలుసు. కోయంబత్తూరు గాలి అటువంటిది. మన తెలుగువాడైన జి.డి. నాయుడు గారు 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి–పళని మధ్య తానే నడిపి, దానినుండి పెద్ద మోటారు సంస్థను లేపిన వూరు అది. అక్కడి కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అనే పందెపు బండిని తయారుచేశాడు. ఆయన 1995లో విమాన ప్రమాదములో పోయిన తర్వాత, చెట్టిపాళయములోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. ఆ వూరి నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములో దిగిన మొదటి భారతీయుడైనాడు. ఆదివారము ఆ చెట్టిపాళయము బాట గట్టున నిలబడి చూచి వచ్చే పిల్లవాణ్ణి పల్లకీ వంటి కారుకు ఒప్పించడము కష్టమే.

వాడు నాలుగు పేర్లు రాసి యిచ్చాడు. పోలో జి.టి., బలేనో ఆర్.ఎస్., ఫీగో ఎస్., స్విఫ్ట్. అన్నీ నాలుగు మీటర్ల లోపువే. 2006 నుండి ఆ కొలత లోపు చిన్న బండ్లకు పన్ను తక్కువ గనుక మన దేశములో చిన్న కార్లలోనే యెన్నో రకాలు వచ్చాయి. బలేనో ఆర్.ఎస్. మా వైపు ఒక్కటీ కనబడలేదు. మిగిలినవాటికి దీపావళి అయిన తర్వాత వెతుకులాట మొదలుపెట్టాము. అప్పటికి మరొక మేలు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. నూటికి 18 పాళ్లకు దిగడముతో కొత్త కార్ల ధరలు తగ్గి, పాతవాటికి యెక్కువ అడిగేవారు కాస్త వెనక్కు తగ్గారు.

మధురైలో చూచిన పోలో జి.టి. మీద పిల్లవాడు మనసు పారేసుకొన్నాడు. 1200 సీసీ టర్బో పెట్రోలు ఇంజను, 105 గుర్రాల బలము, తనంతట తానే మారే 7 గేర్లు. తలుపు మూస్తే బీరువా మూసినట్టు చప్పుడు. యజమాని 4 లక్షల 10 వేలు అడిగి, చివరకు 3 లక్షల 90 వేలకు దిగాడు. మేము వద్దన్నది రెండు కారణాల చేత. ఆ గేరుబాక్సు విప్పి చూడగలవాడు మా చుట్టుపట్ల లేడు, ఒకసారి విప్పితే అయ్యే ఖర్చు చీటీ డబ్బుతో తీరేది కాదు. రెండవది, వెనుక సీటులో కూర్చున్న జేజికి మోకాళ్లు మడిచే చోటు చాలలేదు. పిల్లవాడు తిరుగుప్రయాణములో తిరుమంగలము దాటేవరకు మాట్లాడలేదు.

శివకాశిలో ఒక స్విఫ్ట్ చూశాము. దూరమునుండి చూస్తే పెండ్లికొడుకు వలె వున్నది. వెనుక రెక్క, నల్ల అద్దాలు, యెర్ర రంగు పూసిన బ్రేకులు, డబ్బా వంటి పొగగొట్టము. స్టార్టు చేస్తే వీధిలోని కుక్కలన్నీ లేచినాయి. పందెపు వేషము వేరు, పందెపు గుణము వేరు. దానికి స్ప్రింగులు కోసి కిందికి దించారు. బండి మన నల్లరేగడి రోడ్డు మీద పోతే అడుగుభాగము గీసుకొంటుంది. పైగా తయారీదారు యిచ్చిన తీరు మార్చడము మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము కూడదు. రేపు ప్రమాదము జరిగితే ఇన్సూరెన్సు వారు అడిగే ప్రశ్నలకు సమాధానము మేము చెప్పవలసి వస్తుంది. అటువంటి బండిని వాడినవాడు ఇంజనును యెట్లా తోలివుంటాడో పొగగొట్టమే చెబుతున్నది గనుక, ధర అడగకుండానే వచ్చేశాము.

మూడవది యెర్ర కారు, పేరు చెప్పము. తూత్తుకుడి వైపునుండి వచ్చినది, ఒక బ్రోకరు చూపించాడు. ధర వింటేనే ఆశ పుట్టేటట్టు వున్నది. మాతో వచ్చిన సాత్తూరు మెకానిక్కు ఇంజను వైపు పోనే లేదు. ముందు సీటు బెల్టును చివరి దాకా బయటకు లాగాడు. లోపలి భాగములో అడ్డంగా ఒక మట్టి చార! సీటు కింది పట్టాల సందులో వేలు పెట్టితే యెండిన బురద పొడి. 2023 డిసెంబరు 17, 18 తేదీలలో తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాలు మునిగిన సంగతి పాఠకులు మరిచివుండరు. కాయల్పట్టణములో ఒక్క దినములో 946 మిల్లీమీటర్ల వర్షము కురిసింది, శ్రీవైకుంఠము స్టేషనులో రైలు నిలిచి వందలమంది ప్రయాణీకులు చిక్కుకొన్నారు. ఆ నీళ్లలో నిలిచిన కార్లు యిప్పటికీ చేతులు మారుతూనే వున్నాయి. నీరు దిగిన బండికి తీగల కీళ్లు లోలోపల తుప్పు పట్టి, ఏడాదికో రెండేండ్లకో నడిరోడ్డు మీద నిలిచిపోతుంది. పాత కారు కొనేవారు ఇంజను శబ్దము వినడానికి ముందు బెల్టు లాగి చూడండి. పైసా ఖర్చు లేదు.

చివరకు దొరికినది కోవిల్‌పట్టిలో. 2017 నాటి ఫీగో ఎస్. డీజిలు, ఒకే యజమాని, 62 వేల కిలోమీటర్లు. వుద్యోగ విరమణ చేసిన ఆయన కూతురి వద్దకు పోతూ అమ్ముతున్నాడు. 1500 సీసీ, 100 గుర్రాలు. మామూలు ఫీగో కన్న దీని స్ప్రింగులు గట్టివి, టైర్లు వెడల్పు. 195/55 అని టైరు మీద వుంటుంది. 195 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి 55 పాళ్లు పక్కగోడ యెత్తు. పక్కగోడ పొట్టిగా వుంటే మలుపులో బండి వూగదు, గుంటలో పడితే మాత్రము నడుముకు తెలుస్తుంది. నల్లరేగడి వానకు వుబ్బి, యెండకు కుంచించుకొనే నేల. దాని మీది రోడ్డు అలలు అలలుగా వుంటుంది. జేజి తుంటికి యిది సరిపడుతుందా అన్నదే మా దిగులు.

యింకొక సందేహమున్నూ వుండినది. ఫోర్డు కంపెనీ మన దేశములో కార్ల తయారీ ఆపుతున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. విడిభాగాల మాటేమిటని మెకానిక్కును అడిగాము. "మధురైలో దొరకతాయి సామీ, నేనే పోయినవారము యింకో ఫీగోకి తెచ్చినాను" అన్నాడు. కంపెనీ లేదన్న భయము చేతనే ధర కూడా దిగివున్నది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లలో పొగ వడపోసే జల్లెడ ఒకటి వుంటుంది, కొద్ది దూరాలే తిరిగితే అది పూడుకొంటుంది. యీ బండి అంతకు ముందుది, ఆ బాధ లేదు.

ఇంజను వేడెక్కించకుండా వుంచమని ముందురోజే ఫోను చేశాము. వేడెక్కిన ఇంజను చాలా సంగతులు దాచుతుంది. చల్లటి బండి ఒక్క తిప్పుకే అందుకొన్నది. నీలి పొగ వస్తే ఆయిలు కాలుతున్నదని అర్థము, అది రాలేదు. టైమింగు బెల్టు సంగతి మెకానిక్కు అడిగితే, ఆయన సర్వీసు బిల్లులన్నీ తేదీల ప్రకారము కుట్టిన కట్ట తెచ్చి పెట్టాడు. మాకు ఆ కట్టను చూచినప్పుడే సగము మనసు కుదిరింది. టైర్ల మీద నాలుగంకెలు 1817. అనగా 2017వ సంవత్సరములో 18వ వారము తయారైనవి. రబ్బరు ముదిరి పగుళ్లు వేసింది. బండి యెంత తొందరగా పోతుందన్నది ఇంజను పని, యెంత దూరములో ఆగుతుందన్నది టైర్ల పని. వేగము రెండింతలైతే బ్రేకు పట్టినాక ఆగే దూరము నాలుగింతలు. పిల్లవాడు కొత్త పాటల పెట్టె అడిగాడు. ఆ డబ్బు నాలుగు టైర్లకు పోయింది.

తర్వాత జేజిని వెనుక సీటులో కూర్చోబెట్టి, ఒక దిండు యిచ్చి, పిల్లవాడే తోలాడు. మా వూరి గతుకుల రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోయి వచ్చాము. మేము ఆమె ముఖమే చూస్తున్నాము. స్పీడు బ్రేకరు దగ్గర ఒకసారి పెదవి బిగించింది. దిగినాక, "మెత్తన లేదు. కానీ వూగదు. బాడుగ కారులో వూగివూగి కడుపులో తిప్పుతాది, దీంట్లో అది లేదు" అన్నది. సీటు మధ్యస్థమైన యెత్తులో వుండి కాళ్లు ముందు నేల మీద పెట్టి లేవడానికి వీలైనది. పిల్లవాడు గెలిచినట్టు చూశాడు. జేజి వాడితో, "నేనుండగా అరవై దాటితే దిగి నడిచి పోతాను" అన్నది.

కాగితాల దగ్గర ఒక వారము ఆగవలసి వచ్చింది. బ్యాంకు అప్పు తీరిపోయినా ఆర్.సి.లో బ్యాంకు పేరు అట్లాగే వున్నది. బ్యాంకు కాగితము తెచ్చి, 35వ నమూనా పెట్టి, పేరు కొట్టివేయించిన తర్వాతనే డబ్బు యిస్తామన్నాము. ఆయన మంచివాడు, విసుక్కోలేదు. 29, 30 నమూనాలతో పేరు మార్పు జరిగింది. ఇన్సూరెన్సు కూడా 14 రోజులలోగా మన పేర మార్చుకోవాలి. పాత యజమాని ప్రమాదాలు లేకుండా సంపాదించిన తగ్గింపు ఆయనదే, బండితో రాదు. ఆ తేడా మనమే కట్టుకోవాలి.

బండి 3,55,000. టైర్లు 22,000. ఇన్సూరెన్సు 11,000. ఆయిలు, బ్రేకు పలకలు వగైరా 7,000. పేరు మార్పు ఖర్చులు 3,000. మొత్తము 3,98,000. మిగిలిన రెండువేలలో కొంత కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయికి, సాత్తూరు కారపు సేవుకు పోయింది.

పిల్లవాడు సోమవారము కోయంబత్తూరుకు బస్సులోనే పోయినాడు. బండి మా దగ్గరే వున్నది. ఆదివారము ఆదివారము ఫోను చేస్తాడు. జేజి యెట్లా వున్నదని మొదట అడుగుతాడు, టైర్లలో గాలి చూశారా అని తర్వాత అడుగుతాడు.