ఒంటి కిడ్నీ

కడుపునొప్పి అని స్కానింగ్‌కి వెళితే ఎడమ కిడ్నీ అసలు లేదని తేలుతుంది. 40 ఏళ్లు వచ్చి, పిల్లల్ని కని, పొలం పనులన్నీ చేసుకుంటున్న మనిషికి! పుట్టినవాళ్లలో సుమారు వెయ్యికి ఒకరు ఇలా ఒక్క కిడ్నీతోనే పుడతారు. చాలామందికి ఆ సంగతే తెలియదు.

గర్భంలో ఐదో వారం ప్రాంతంలో ఒక చిన్న మొగ్గ మొలిచి పక్కనున్న కణాల ముద్దను చేరాలి. రెండూ కలిస్తేనే కిడ్నీ ఏర్పడుతుంది. మొగ్గ చేరకపోతే ఆ చోటు ఖాళీ. కానీ అక్కడ అడ్రినల్ గ్రంథి ఉంటుంది. మామూలుగా కిడ్నీ నెత్తిమీద టోపీలా ఒదిగి ఉండే ఆ గ్రంథి, కింద కిడ్నీ లేనప్పుడు చదునుగా, పొడుగ్గా పడుకుంటుంది. పక్కన ఎవరున్నారనేదాన్ని బట్టి మన లోపలి భాగాలు రూపు దిద్దుకుంటాయన్నమాట. నన్ను బాగా కదిలించేది ఇదే.

ఉన్న ఒక్క కిడ్నీ తల్లి కడుపులోనే పెరగడం మొదలుపెడుతుంది. కిడ్నీకి సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడపోసే సన్నటి గొట్టాలు. గర్భం 36వ వారానికి వాటి తయారీ ముగుస్తుంది. పుట్టాక కొత్తది ఒక్కటీ రాదు. అందుకే ఉన్న ప్రతి నెఫ్రానూ పెద్దదై, ఎక్కువ రక్తం తీసుకుని, ఎక్కువ వడపోస్తుంది. కిడ్నీ దానం చేసినవాళ్లలోనూ జరిగేది ఇదే. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో తన కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చిన రొనాల్డ్ హెరిక్, మిగిలిన ఒక్కదానితో 2010 దాకా జీవించాడు. ఆ అన్నదమ్ముల్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు నిండిపోతుంది.

అయితే ఈ పెరుగుదలకు ఖర్చుంది. ఏళ్ల తరబడి అధిక ఒత్తిడి మోసిన నెఫ్రాన్లు కొందరిలో మెల్లగా గట్టిపడతాయి. బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రోటీన్ పోతుంది. అందుకే ఏడాదికోసారి ఆ రెండు పరీక్షలూ చేయించుకోవాలి, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు.

ఒంటి కిడ్నీ పిల్లల తల్లులు స్కానింగ్ రిపోర్టులో 'సైజు పెద్దగా ఉంది' అని చూసి బెదిరిపోతారు. "వాచిందా డాక్టరు గారూ?" అని అడుగుతారు. ఈ పిల్లల్లో అది మంచి కబురు. సైజు మామూలుగానే ఉంటే, అప్పుడు డాక్టరు ఆ కిడ్నీని ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు.