గుల్జార్ హౌజ్ నుంచి ఒక వసారా దాకా

రమజాన్ చివరి రాత్రుల్లో చార్మినార్ పరిసరాలకు నిద్ర ఉండదు. పత్తర్‌గట్టీలో వస్త్రాలు, లాడ్ బజారులో లక్క గాజులు, గుల్జార్ హౌజ్ చుట్టూ సేమియాలు, ఖర్జూరాలు. ఈసారి మా కొనుగోళ్లు మా ఇంటి కోసం కాదు. గృహహింసకు గురైన స్త్రీలు పిల్లలతో తలదాచుకున్న ఆశ్రయ గృహం కోసం మొహల్లా వారు సమకూర్చిన సొమ్ము అది. ఆ ఇంటి చిరునామా చెప్పము. గోప్యతే వారికి రక్షణ.

పురుషులకు లోనికి ప్రవేశం లేదు. మేము వసారాలో కూర్చున్నాము, మా శ్రీమతి లోనికి వెళ్లారు. కాసేపటికి ఒక సోదరి ప్రశ్నతో తిరిగి వచ్చారు: “భర్త ఇల్లు విడిచి వచ్చాను. నా రోజాలు ఖబూల్ అవుతాయా, మౌలానా సాబ్?”

మా తల వాలిపోయింది. ఏళ్ల క్రితం దెబ్బలు తిని వచ్చిన ఒక శిష్యురాలిని “సబర్ చేయమ్మా” అని వెనక్కి పంపాము. ఆమెకు సబర్ బోధించి మేము బాధ్యత తప్పించుకున్నాము. మహాప్రవక్త (స) ఏ స్త్రీపైనా చేయి చేసుకోలేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు కదా!

“తప్పు నీది కాదు తల్లీ, అల్లాహ్ నీ రోజాలను స్వీకరించుగాక” అని కబురు పంపాము.

ఫిత్రాను ఈద్ నమాజుకు ముందే చెల్లించాలన్న నియమం వెనుక ఉన్న కారుణ్యం ఆ వసారాలో మాకు మరింత బోధపడింది.

2005 నాటి గృహహింస చట్టం స్త్రీకి రక్షణను, నివాస హక్కును ఇచ్చింది. సహాయానికి 181 నంబరు ఉంది. తిరిగి వచ్చి దానిని మస్జిదు బోర్డుపై రాయించాము. ఆ శిష్యురాలి కోసం ఇంకా వెదుకుతూనే ఉన్నాము.