తోక బరువు

కావడి మోసేవాడికి భౌతికశాస్త్రం ఎవరూ చెప్పరు. ఒక కుండ నిండుగా, మరో కుండ వెలితిగా ఉంటే భుజాన్ని నిండు కుండ వైపుకి జరుపుకుంటాడు. విమానానికి ఆ వెసులుబాటు లేదు. దాని భుజం రెక్క. అది ఒకచోట అతికించేసి ఉంటుంది. జరగాల్సింది బరువులే. ఇంట్లో తయారుచేసే బుల్లి విమానాల్లో చాలావాటి తలరాత ఇక్కడే తేలిపోతుంది.

మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతి. వాడి మొదటి విమానం చేతిలోంచి వదలగానే ముక్కెత్తి నిట్టనిలువుగా లేచింది, క్షణం ఆగింది, వెనక్కి కూలింది. నెల రోజుల పని నాలుగు సెకన్లలో పుల్లలైంది. రెండోది పూర్తయ్యాక దాన్ని ఎగరేయడానికి వాడు జంకాడు. రేపంటాడు, ఎల్లుండంటాడు. ఇలా బీరువా మీదకెక్కిన సరదాలు మళ్లీ కిందికి దిగడం అరుదు. అందుకే స్టాండ్ చేద్దామన్నాను.

అప్పటిదాకా వాడిదీ అందరి పద్ధతే. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి లేపి చూడటం. వేలు మెత్తన, పైగా వెడల్పు. అంతకంటే పెద్ద చిక్కు, అది మనవైపే సాక్ష్యం చెబుతుంది. అంతా సరిగ్గా ఉందని నమ్మాలనుకున్నవాడి వేలు తెలియకుండానే నాలుగైదు మిల్లీమీటర్లు జరుగుతుంది.

స్టాండ్‌లో గొప్పేమీ లేదు. ఒక చెక్క, దానిమీద 12 సెంటీమీటర్ల ఎడంలో 25 సెంటీమీటర్ల గుండ్రటి కర్రలు రెండు, వాటి కొసల్లో గుండ్రంగా అరగదీసిన పెన్సిల్ రబ్బర్లు. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో రసమట్టంతో చూశాం. విమానం ఒడలు కర్రల మధ్య వేలాడుతుంది, రెక్కలు రబ్బర్ల మీద ఆనతాయి. రెక్క పైన ఉండే విమానానికి ఇది సరిపోతుంది. రెక్క కింద ఉండే రకాన్ని తలకిందులుగా పెట్టాలి, లేకపోతే బరువంతా ఆధారానికి పైన ఉండి ఒరిగిపోతుంది.

మామూలు శిక్షణ విమానానికి గరిమనాభి, రెక్క ముందంచు నుంచి రెక్క వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్య ఉండాలి. మాది 200 మిల్లీమీటర్ల రెక్క. 55 దగ్గర గీత గీశాం. బ్యాటరీ, ప్రొపెల్లర్ అన్నీ బిగించి గీతలను రబ్బర్ల మీద ఆనించగానే తోక దబ్బున కిందికి వాలింది. జరుపుతూ పోతే 70 దగ్గర నిలబడింది. 15 మిల్లీమీటర్ల తేడా.

విమానం 900 గ్రాములు. 900ని 15తో గుణిస్తే 13,500. ముక్కు కొస మా గీతకు 225 మిల్లీమీటర్ల ముందుంది కాబట్టి అక్కడ 60 గ్రాములు పెట్టాలి. వాడి ముఖం వాడిపోయింది. ‘‘బరువు తగ్గించాలని నెల రోజులు ఉప్పుకాగితం రుద్దాను. ఇప్పుడు సీసం పెట్టమంటావా బాబాయ్?’’

న్యాయమైన ప్రశ్నే. ముందు ఉన్న బరువును జరిపి చూశాం. 150 గ్రాముల బ్యాటరీని 60 మిల్లీమీటర్లు ముందుకి తోస్తే 9,000 తీరింది. మిగిలిన 4,500కి చేపల వలకు కట్టే సీసం గుళ్లు 20 గ్రాములు చాలాయి.

ఆ 20 గ్రాముల కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, ముక్కు బరువైన విమానం బద్ధకంగా ఎగిరినా చేతికి దక్కుతుంది. తోక బరువైనది చిన్న గాలికి ముక్కెత్తితే ఇంకా ఎత్తుకుంటూనే పోతుంది. పెద్ద విమానాలకూ ఇదే న్యాయం. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో బీచ్ 1900 విమానం లేచీ లేవగానే కూలి 21 మంది చనిపోయారు. తోకలోని ఎలివేటర్ తీగను తప్పుగా బిగించడం ఒక కారణం. గరిమనాభి హద్దు దాటి వెనక్కి పోవడం మరొకటి. ప్రయాణికుల బరువును కాగితం మీది సగటుతో లెక్కేశారు. ఆ తర్వాతే అక్కడ ఆ సగటును పెంచారు.

ఆ ఆదివారం మా విమానం చేయి వదిలాక కాస్త దిగి, నిటారుగా సాగి, మైదానాన్ని రెండుసార్లు చుట్టివచ్చింది. దిగేటప్పుడు తోక చిట్లింది. వాడు జిగురు పూసి, ఆరగానే మళ్లీ స్టాండ్ ఎక్కించాడు. ఇప్పుడు స్నేహితులూ తమ విమానాలు తెస్తున్నారు. సీసం మాటెత్తితే వాళ్లదీ అదే గోల, మరి ఉప్పుకాగితం ఎందుకు రుద్దినట్టని.