చేతులు కాలకముందే

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నట్టు అని మనవాళ్ళు సామెత చెప్పారు. కాలకముందే ఆకులు పట్టుకునేవాణ్ణి ఏమనాలో మాత్రం చెప్పలేదు. మా రెడ్డిగూడెంలో అటువంటివాణ్ణి ‘డాక్టరు మేష్టారు’ అంటారు. ఆ బిరుదు నాదే. తెలుగు ఎమ్.ఏ.తో చదువు ఆపినవాణ్ణి, పరిశోధన ఏదీ చేయకుండానే డాక్టరునయ్యాను.

సంగతేమిటంటే, నాకొక పాత మారుతీ 800 కారున్నది. 2014లోనే ఆ కార్ల తయారీ ఆగిపోయింది గాని, నా కారు ఆ కబురు ఇంకా వినలేదు. రోజూ నన్ను కాలేజీకి తీసుకువెళ్ళి తీసుకువస్తూనే ఉన్నది. ఇంజనాయిలు మార్చటం, బ్యాటరీ టెర్మినల్స్ మీద పేరుకున్న పొడి తుడవటం వంటి చిల్లర పనులు ఆదివారం పూట నేనే చేసుకుంటాను. ముందుగా చేతులకు నీలం రంగు గ్లౌజులు తొడుక్కుంటాను. 2020లో కరోనా రోజుల్లో ఇంటింటా చూసిన గ్లౌజులే. పని కాగానే ఒలిచి పారేస్తాను.

“ఏం మేష్టారూ, ఆపరేషనా? తల్లీ బిడ్డా క్షేమమేనా?” అంటారు అరుగు మీద నుంచి పక్కింటి బాబాయిగారు. “మేం బండికి కందెన పెడితే మోచేతులదాకా నల్లబడేవి. ఏమైందీ? ఎనభై ఏళ్ళొచ్చాయి, ఇంకా గుండ్రాయిలా ఉన్నాను.”

“మీ కందెనలో ఉన్నది ఆముదం, బాబాయిగారూ. ఒంటికి రాసుకునే నూనె. దీని నలుపు వేరు” అంటాను. ఆయన ఒప్పుకోరు. నలుపు నలుపే అంటారు.

నలుపంతా ఒకటి కాదండీ. డబ్బాలోంచి పోసేటప్పుడు ఇంజనాయిలు తేనెరంగులో ఉంటుంది. నెలల తరబడి ఇంజనులో కాగి, మండిన పెట్రోలు మసినీ, అరిగిన లోహపు రజనునూ కలుపుకుని నల్లబడుతుంది. అలా వాడిన ఆయిలును పదేపదే రాస్తే ఎలుకల చర్మానికి క్యాన్సరు వచ్చినట్టు ప్రయోగాలలో తేలింది. ఒకనాడు చేతికి అంటితే కొంప మునగదు. ఏళ్ళ తరబడి అంటటమే ప్రమాదం. బ్యాటరీ మీది పొడి సంగతీ అంతే. అందులో ఆమ్లమూ, సీసమూ ఉంటాయి. పైగా మనం చెంచాలతో తినేవాళ్ళం కాదు. పొద్దున స్పానరు పట్టిన చెయ్యే మధ్యాహ్నం పప్పూ అన్నమూ కలుపుతుంది. గోటి సందున ఉన్నదేదో ముద్దతోపాటు లోపలికి పోతుంది.

మాది మామిడితోటల ఊరు. పూర్వం కృష్ణాజిల్లా మెరక ప్రాంతం. 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లా. తొడిమ తుంచగానే చిమ్మే సొన తగిలితే చర్మం పొక్కుతుందని మా ఊళ్ళో పసివాడికి కూడా తెలుసు. సొనకు చెయ్యి దూరంగా పెట్టుకున్నవాణ్ణి సుకుమారుడని ఎవరూ వెక్కిరించరు. సొన వెంటనే మంట పుట్టిస్తుంది గనుక దానికి భయపడతాం. ఇంజనాయిలు మెత్తగా, చల్లగా ఉంటుంది గనుక దాన్ని నమ్ముతాం.

వైద్యశాలలో రబ్బరు గ్లౌజులు వచ్చిన కథ వింటే బాబాయిగారు కూడా కొంచెం మెత్తబడ్డారు. అమెరికాలో బాల్టిమోరు నగరాన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడుండేవాడు. ఆయన దగ్గర కెరొలైన్ హాంప్టన్ అనే నర్సు పనిచేసేది. ఆపరేషనుకు ముందు చేతులు ముంచే పాదరసపు మందునీళ్ళకు ఆమె చేతులు పుండ్లుపడ్డాయి. 1889–90 చలికాలంలో హాల్‌స్టెడ్, గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీవారిని అడిగి ఆమె కోసం పలుచని గ్లౌజులు చేయించాడు. 1890లోనే వారిద్దరికీ పెళ్ళయింది. రోగిని కాపాడటానికన్న ముందు పనిచేసే చేతిని కాపాడటానికి వచ్చాయన్నమాట ఆ గ్లౌజులు.

అయితే ఏ గ్లౌజు పడితే ఆ గ్లౌజు పనికిరాదు. మామూలు రబ్బరువి ఆయిలూ పెట్రోలూ తగిలితే ఉబ్బి చిరుగుతాయి. నైట్రైల్ అనే రకం వీటికి బాగా ఓర్చుకుంటుంది. చేతికి బిగువుగా ఉండాలి. ఇంజను తిరుగుతుండగా బెల్టు దగ్గరా, ఫాను దగ్గరా చెయ్యి పెట్టనేకూడదు; గ్లౌజు చిక్కుకుంటే వేళ్ళు కూడా పోతాయి. కాగిన సైలెన్సరు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. చిరిగినదాన్ని వెంటనే మార్చాలి. లోపలివైపు బయటికి వచ్చేటట్టు ఒలిచి, ఆపైన సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తీసిన ఆయిలును కాలవలో పోయక, డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకునేవారికి ఇవ్వాలి.

నెలకు రెండు గంటలు పనిచేసే నాకు ఇంత సంరక్షణ. మరి రోజుకు పది గంటలు చేసేవాడికో?

మా వీధి కుర్రవాడొకడు పట్నంలో ఒక షెడ్డులో మెకానిక్కు పని నేర్చుకుంటున్నాడు. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చి, భోజనానికి కూర్చుని చెంచా అడిగాడట. “పట్నం పోయి దొరబాబయ్యాడు మేష్టారూ” అని వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది. వాడి చేతులు చూశాను. వేళ్ళ కణుపులన్నీ బీటలు. సాయంకాలం పెట్రోలుతో కడిగి, ఆపైన సబ్బుపొడీ ఇసకా వేసి రుద్దుకుంటారట. ఆవకాయ కలుపుకుంటే ప్రాణం పోతున్నదట. ఆ మాట అమ్మకు చెబితే పని మాన్పిస్తుందని చెంచా అడిగాడు.

లోపలికి వెళ్ళి గ్లౌజుల పెట్టె తెచ్చి ఇచ్చాను.

“షెడ్డులో నవ్వుతారండి. పని రానివాడే ఇవి తొడుక్కుంటాడంటారు” అన్నాడు.

“నవ్వనీరా. నన్ను కూడా నవ్వుతున్నారుగా” అన్నాను.

నెల తిరక్కుండా ఫోను చేశాడు. పెట్టె అయిపోయిందట. “నేనొక్కణ్ణే వాడలేదండి. ఆయిలు చేతులకు స్పానరు జారుతున్నదని మా మేస్త్రీ కూడా రోజూ రెండు అడిగి తీసుకుంటున్నాడు” అన్నాడు.

రెండో పెట్టె పంపాను. మూడోది షెడ్డు యజమానిని అడగమన్నాను. ఆ షెడ్డుకు కారు పంపే ఆసాములు కూడా ఒక మాట అడిగితే, యజమాని కాదనడు.